పాటిదిబ్బలు: త్రవ్వకమునకు ముందు పరిశీలనము

కృష్ణా డెల్టాలో ఱాయి అరుదు. మెరకనేలయే అచ్చటి గని. గుడివాడలోని బౌద్ధస్తూపమును 19వ శతాబ్దమున బెజవాడ-బందరు రోడ్డు వేసినవారు ఇటుకకొఱకు త్రవ్వి తోలుకొనిరి. దివిసీమ కావలి యొడ్డున గల భట్టిప్రోలు స్తూపపు చలువరాళ్లు వెల్లటూరు కాలువతూమునకు పోయినవి. మిగిలిన స్తూపగర్భమును 1892లో అలెగ్జాండర్ రీ శోధింపగా లిపి చెక్కిన ధాతుకరండములు లభించినవి. హల్లుపై హ్రస్వాకారమునకు సయితము ప్రత్యేకచిహ్నము గల ఆ లిపి మనకు దక్కుట, ఱాళ్లు తీసినవారు అడుగువఱకు పోకపోవుటచేతనే యని మా యభిప్రాయము.

నాగార్జునకొండలో వేఱొకరీతి జరిగినది. జలాశయము నిండుటకు ముందే, 1954 నుండి 1960 వఱకు ఆర్. సుబ్రహ్మణ్యముగారి నాయకత్వమున లోయ నంతయు శోధించి, కొన్ని కట్టడములను ముంపునకందని చోట తిరిగి నిర్మించిరి.

1958 నాటి పురాతన కట్టడముల చట్టమునకు 2010లో జరిగిన సవరణము ననుసరించి రక్షిత కట్టడము చుట్టు 100 మీటర్లు నిషిద్ధము. ఆపై 200 మీటర్లు నియంత్రితము. ప్రకటింపబడని దిబ్బకు ఈ కొలతలు వర్తింపవు. ఇటుకబట్టీకి మన్ను తోలినను, చేపలచెఱువు త్రవ్వినను వీనివలన అడ్డు లేదు. కావున అనుమతికి ముందే నేలను నడచి చూడవలెను.

ఎచ్చట చూడవలెనో భాషయే కొంత చెప్పుచున్నది. రైతులు ఎరువుగా తోలుకొను మన్నును 'పాటిమన్ను' అందురు. 'పాటి' యనునది 'పాడు' శబ్దమునకు ఔపవిభక్తికరూపము. పూర్వము ఊరున్న చోటనే ఆ మన్ను దొరకును. అట్టి పేరుగల చేలలో పెంకులను, ఇటుకల కొలతలను, పొరల లోతును వ్రాసికొనుటకు పెద్ద వ్యయము కాదు. గ్రామనామములను సేకరించు మన పరిశోధక విద్యార్థులు చేనిపేళ్లను గూడ సర్వేనంబరుతో సహా చేర్చికొనవచ్చును.