పాత జరీని గుర్తించు విధము

పాత పట్టుచీరలు కొనువారు మన వీధులలోనికి వచ్చుట కొత్త సంగతి కాదు. చీరను చేతిలోనికి తీసికొని, అంచును వ్రేలితో ఒకసారి రాచి, "ఇది రాగి జరీ, ఇంతకన్న రాదు" అని చెప్పి తక్కువ ధర పెట్టుట వారి వాడుక. ఇంటిలోని ఆడవారికి ఆ మాట నిజమో కాదో తెలియనప్పుడు, మామ్మగారి పెండ్లిచీర మూసలో కరగిపోవుచున్నది. అందువలన జరీని పరీక్షించు విధము ప్రతి చేనేత కుటుంబమునకును తెలిసియుండవలెను.

మన రాయచూరు వారికి ఇది మరింత అవసరము. 1956 నవంబరు 1 వరకు గద్వాల, ఆలంపురం తాలూకాలు ఈ జిల్లాలోనివే. రాష్ట్రముల పునర్వ్యవస్థలో అవి మహబూబ్‌నగరు వైపునకు పోగా, రాయచూరు మైసూరు రాష్ట్రములో చేరినది. సరిహద్దు మారినను పెండ్లి సంబంధములు మారలేదు గదా. కావున ఈ వైపు ఇండ్లలోని పెట్టెలలో గద్వాల చీరలు ఇంకను కలవు.

మొదట జరీ అనగా నేమో చూతము. అసలు జరీలో నడుమ పట్టుదారము ఉండును. వెండితీగను సన్నగా లాగి, రేకువలె అదిమి, ఆ దారముపై చుట్టి, పైన బంగారు పూత వేయుదురు. సూరతు ఈ పనికి పేరుపడిన చోటు. నకిలీలో వెండికి బదులు రాగితీగ, దానిపై పలుచని వెండి పూత ఉండును. నడుమ నూలో, రేయానో, పాలియెస్టరో ఉండును. మూడవది లోహపు పూత పూసిన ప్లాస్టిక్ పొర. దానిని జరీ అనుట మన మర్యాద మాత్రమే.

పరీక్షకు చీర లోపలి అంచున వ్రేలాడు ఒక్క పోగు చాలును. దానిని విప్పి చూడుడు. లోపల ఎర్రని దారము కనబడగానే "రాగి" అని వర్తకుడు చెప్పిన నమ్మవద్దు. అసలు జరీకి నడిమి పట్టుదారమునకు ఎర్రరంగో పసుపురంగో వేయుట పాతకాలపు అలవాటు. చూడవలసినది దారము రంగు కాదు, దానిపై చుట్టిన రేకు రంగు. రేకును గీటురాయిపై గీసిన తెల్లని గీత వచ్చిన వెండి, ఎర్రని గీత వచ్చిన రాగి. తరువాత నడిమి దారమును వేరుచేసి నిప్పు చూపవలెను. పట్టు కాలిన వెంట్రుకల వాసన వచ్చి, నలిపిన పొడియగు బూడిద మిగులును. నూలును రేయానును కాగితమువలె కాలును. పాలియెస్టరు కరగి గట్టి పూసవలె ముద్దకట్టును.

ఈ చివరిది వయస్సును కూడ చెప్పును. పాలియెస్టరును ఇంగ్లండులో 1941లో కనిపెట్టిరి. బజారుకు వచ్చినది ఆ తరువాతనే. కాబట్టి నిజాము కాలపు చీర అని చెప్పిన దానిలో పూసకట్టు దారము ఉన్నచో ఆ మాట అబద్ధము. రంగును బట్టి వయస్సు చెప్పుట మాత్రము ప్రమాదము. జర్మనీ వారు మంజిష్ఠ ఎరుపును 1868లోనే రసాయనముతో చేసిరి; కృత్రిమ నీలిని 1897లో బజారులో పెట్టిరి. నూరేండ్ల చీరలోను రసాయనపు రంగు ఉండవచ్చును.

జర్మనీ మాట వచ్చినది కనుక ఒక విషయము. ఆ దేశపు సైనికుల, పోలీసుల పాత భుజపట్టీలను పెద్ద ధరలకు కొని దాచుకొనువారు లోకమున చాలమంది కలరు. ఆ పట్టీ మన జరీకి దాయాదియే: లోహపు దారపు త్రాడును అల్లి, రంగు ఉన్నిగుడ్డపై కుట్టినది. మొదటి ప్రపంచయుద్ధము నాటి అధికారుల పట్టీలలో వెండిదారము ఉండెను. అది కాలక్రమమున నల్లబడును. రెండవ యుద్ధము నాటికి అల్యూమినియం దారము వచ్చినది. అది నల్లబడదు, మసకబారి బూడిదరంగు తిరుగును. అడుగుగుడ్డ రంగు దళమును తెలుపును: పదాతికి తెలుపు, ఫిరంగిదళమునకు ఎరుపు, ట్యాంకుల దళమునకు గులాబి, పోలీసులలో పట్టణపు వారికి ఆకుపచ్చ, గ్రామములు చూచువారికి నారింజ. 1956లో ఏర్పడిన తూర్పు జర్మనీ సైన్యము ఇంచుమించు అదే రీతి పట్టీలు వాడినందున, వాటినే యుద్ధకాలపువని అమ్మువారు కలరు. రంగు, ఆకారము ఎవరైనను అనుకరింతురు. దారమును అనుకరించుట కష్టము. అందుచేత తెలిసినవారు మొదట చూచునది దారమునే.

వారు అతినీలలోహిత దీపమును కూడ వాడుదురు. తెల్లదనము కొరకు నేటి దారములకు కలుపు రసాయనము ఆ వెలుగులో నీలముగా మెరయును. పాత దారము మెరయదు. నోట్లు పరీక్షించు చిన్న దీపము మన చీరకును పనికివచ్చును. కాని ఒక చిక్కు కలదు. సబ్బుపొడులలోను ఆ రసాయనమే ఉండును. మన దేశమున సర్ఫు 1959లో వచ్చినది. అటువంటి పొడితో ఒకసారి ఉతికిన పాత చీర కూడ మెరయును. కాబట్టి మెరుపును చూచి చీరను కొత్తదనరాదు. మెరుపు లేనిచో మాత్రము అది మంచి గుర్తు.

ఇక నేత. చేతిమగ్గపు గద్వాలలో నూలు ఒడలును పట్టు అంచును వేరువేరు నాడెలతో నేయుదురు. ఒడలి పేక, అంచు పేక ప్రతి వరుసలోను ఒకదానినొకటి పట్టుకొని వెనుకకు మరలును. వెనుకవైపు త్రిప్పి ఆ కలయికను చూడుడు. మరమగ్గపు నకలులో ఒడలి పేక అంచులోనికి సాగిపోవును. లేదా బుటాల వెనుక తెగిన పోగులు బ్రష్షువలె నిలుచును. ఇది మనవారికి చెప్పనక్కరలేదు; కొనువారికి చూపుటకు మాత్రము మనము బద్ధకింతుము.

బంగారపు దుకాణములలో నేడు ఎక్సురే యంత్రములు ఉన్నవి. పోగు కాల్చకయే లోహమును చెప్పును. అయితే ఆ యంత్రము చెప్పునది లోహములలో వెండి పాలు. లోపలి పట్టు బరువును అది లెక్కింపదు. నూరు గ్రాముల జరీ తూగినదనుకొందము. యంత్రము "వెండి తొంబది పాళ్ళు" అన్నంతమాత్రమున తొంబది గ్రాముల వెండి ఉన్నట్లు కాదు. పట్టు బరువు తీసివేసి, మిగిలినదానిలో లెక్క కట్టవలెను. అమ్మువారు ఎక్కువ ఆశించి తగవు పడుటయు, కొనువారు పట్టును సాకుగా చూపి సగమునకు దించుటయు ఈ లెక్క తెలియకనే.

మరియొక మాట మన అమ్మకములను గురించి. 2004 నాటి సిల్కుమార్కు పట్టు స్వచ్ఛమని చెప్పును. 2006 నాటి హ్యాండ్లూమ్‌మార్కు చేతినేత అని చెప్పును. జరీలో వెండి ఎంతయో ఈ రెండును చెప్పవు. ఆ రెండు చీటీలను చూపి "వెండిజరీ" అని అమ్మిన, కొనినవారు ఏనాడో గీటురాయిపై గీయుదురు. రాగిజరీ నేసినప్పుడు రసీదుపై రాగిజరీ అనియే వ్రాయుడు.

పెట్టెలోని చీరను అమ్మదలచినవారు వీధిలో బేరమాడక, ముందు ఒక పోగును ఇద్దరు కంసాలులకు వేరువేరుగా చూపవలెను. ఆ తరువాత వెండి ధర ఒకటి, చీర ధర మరొకటి అని రెండు లెక్కలు వేయవలెను. అంచు చెడక, కొంగు నిలిచి, నేత సుబ్బరముగా ఉన్న పాత గద్వాల చీరను చీరగానే అడుగువారు ఉందురు; అట్టిదానికి కరగించిన వెండి ధర ఏపాటిది? చిరిగి, మడతలలో పట్టు పొడియగుచున్న చీరను మాత్రము కరగించిన నష్టము లేదు. అప్పుడు కూడ అంచు నమూనా ఒక జానెడు కత్తిరించి దాచుకొనుడు. మగ్గముపై మరల ఎత్తుటకు అది పనికివచ్చును.