హద్దు పెరిగితే ఎవరికి లాభం?

మీ వీధిలో పిల్లలందరూ చేరి కబడ్డీ ఆడబోయే ముందు ఏం చేస్తారు? బాగా ఆడే ఇద్దరు నాయకులవుతారు. మిగిలినవాళ్ళు సమానంగా ఆడే ఇద్దరిద్దరు చొప్పున జతలు కట్టి, కాస్త దూరంగా పోయి, చెవిలో చెవి పెట్టి రహస్యంగా పేర్లు పెట్టుకుంటారు. తిరిగి వచ్చి, "మామిడిపండు కావాలా, జామపండు కావాలా?" అని నాయకులను అడుగుతారు. నాయకుడు పండును కోరుకుంటాడే గాని మనిషిని కోరుకోలేడు!

ఎందుకీ అవస్థ అంతా? గట్టివాళ్ళందరూ ఒకే పక్షాన చేరితే ఆట ఆటగా ఉండదు. గెలిచేవాడికి సరదా ఉండదు, ఓడేవాడు మర్నాడు ఆటకే రాడు.

డబ్బిచ్చి ఆటగాళ్ళను పెట్టుకునే పెద్ద పెద్ద జట్లకు కూడా సరిగ్గా ఇదే చిక్కు వచ్చింది. అక్కడ పండ్ల పేర్లతో పని జరగదు గనక, వాళ్ళు మరొక ఉపాయం కనిపెట్టారు. ఆ ఉపాయం ఏమిటో, అది ఒకసారి ఎలా బెడిసికొట్టిందో ఇప్పుడు తెలుసుకుందాం.

బాస్కెట్‌బాల్ ఆట మీరు చూసే ఉంటారు. 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊళ్ళో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామోపాధ్యాయుడు, చలికాలంలో తన విద్యార్థులు ఇంటిలోపల ఆడుకునేందుకు పీచ్ పండ్ల బుట్టలు రెండు వ్యాయామశాల బాల్కనీకి కట్టించి ఈ ఆటను సృష్టించాడు. ఈనాడు ఆ ఆట ఆడే జట్లలో ప్రపంచమంతటా పేరుపొందినవి అమెరికాలోని ఎన్.బి.ఏ. అనే సంఘానికి చెందినవి. ఈ సంఘంలో 30 జట్లున్నాయి. వాటిలో ఒకటి మాత్రం కెనడా దేశంలోని టొరాంటోది.

ఈ జట్లన్నీ సమానమైనవి కావు. న్యూయార్కు, లాస్ ఏంజిలిస్ లాంటి మహానగరాల జట్లకు రాబడి ఎక్కువ. మెంఫిస్, ఓక్లహోమా సిటీ లాంటి చిన్న నగరాల జట్లకు అంత రాబడి లేదు. ఎవరి ఇష్టం వచ్చినంత వారు ఇవ్వవచ్చునంటే, మంచి ఆటగాళ్ళను మహానగరాలే ఎగరేసుకుపోతాయి. అందుచేత ఒక్కొక్క జట్టు తన ఆటగాళ్ళందరికీ కలిపి ఏడాదికి ఇంతవరకే జీతాలివ్వాలని ఒక హద్దు పెట్టారు. దీన్ని అక్కడివారు "శాలరీ క్యాప్" అంటారు. మనం జీతాల హద్దు అందాం.

ఇలాంటి హద్దు మనకూ కొత్త కాదు. మన ఐ.పి.ఎల్. క్రికెట్టులో 2024 నవంబరులో జరిగిన పెద్ద వేలానికి ఒక్కొక్క జట్టుకు 120 కోట్ల రూపాయల హద్దు పెట్టారు. అందులో 23 కోట్లను హైదరాబాదు జట్టు హెన్రిక్ క్లాసెన్ అనే ఒక్క ఆటగాణ్ణి తన వద్దనే ఉంచుకునేందుకు కేటాయించింది. మిగిలిన సొమ్ముతోనే తక్కిన జట్టంతా సమకూర్చుకోవలసి వచ్చింది.

బాస్కెట్‌బాల్ సంఘం మొదలైన 1946-47లో కూడా జట్టుకు 55 వేల డాలర్ల హద్దు ఉండేది. అది ఒక్క ఏడాదితో పోయింది. తరవాత 1983 నాటికి చాలా జట్లు నష్టాలలో పడ్డాయి. అప్పుడు యజమానులూ, ఆటగాళ్ళ సంఘమూ కూర్చుని ఒక ఒప్పందానికి వచ్చారు. హద్దుకు ఆటగాళ్ళు ఒప్పుకున్నారు. అందుకు బదులుగా రాబడిలో నూటికి 53 వంతులు ఆటగాళ్ళకు ఇస్తామని యజమానులు ఒప్పుకున్నారు. ఆ ప్రకారం 1984-85లో హద్దు 36 లక్షల డాలర్లయింది. 2011 నాటి ఒప్పందం నుంచి ఆటగాళ్ళ వంతు దాదాపు సగం.

ఈ హద్దును ఎలా లెక్క కడతారు? రాబోయే ఏడాది ఆట మీద ఎంత రాబడి వస్తుందో అంచనా వేస్తారు. అందులోనుంచి ఒప్పందంలో రాసుకున్న వంతు తీసి, జట్ల సంఖ్యతో భాగిస్తారు. అంటే రాబడి పెరిగితే హద్దు దానంతటదే పెరుగుతుందన్నమాట.

పైన హద్దు ఉన్నట్టే కింద కూడా ఒక హద్దున్నది. పై హద్దులో నూటికి 90 వంతులన్నా జట్టు ఖర్చు చేసి తీరాలి. లేకపోతే పిసినిగొట్టు యజమాని చవక ఆటగాళ్ళతో కాలక్షేపం చేసి, లాభమంతా మూట కట్టుకోవచ్చు గదా!

ఈ పై హద్దు ఇనప గోడ లాంటిది కాదు. జట్టు తన పాత ఆటగాళ్ళను నిలుపుకోవటానికి హద్దు దాటవచ్చు. బోస్టన్ జట్టులోని గొప్ప ఆటగాడు లారీ బర్డ్ పేరు మీద దీన్ని "బర్డ్ నిబంధన" అంటారు. మరీ ఎక్కువగా దాటితే జట్టు జరిమానా లాంటి పన్ను కట్టాలి. కాని బయటినుంచి ఖరీదైన కొత్త ఆటగాణ్ణి తెచ్చుకోవాలంటే మాత్రం హద్దులో ఖాళీ ఉండాలి. కథంతా ఈ ఖాళీ మీదనే నడిచింది.

2014 అక్టోబరులో ఈ సంఘం టెలివిజను కంపెనీలతో కొత్త ఒప్పందం చేసుకున్నది. తొమ్మిదేళ్ళకు 2,400 కోట్ల డాలర్లు! పాత ఒప్పందం కింద ఏటా 93 కోట్ల డాలర్లు వచ్చేవి. కొత్తది 2016-17 నుంచి ఏటా సుమారు 266 కోట్లు తెస్తుంది. ఇంత సొమ్ము ఒక్కసారిగా వచ్చిపడితే హద్దు ఎంత ఎగురుతుందో అందరికీ ముందే తెలిసింది.

సంఘం పెద్దలు, "హద్దును ఒక్కసారిగా పెంచవద్దు, కొన్నేళ్ళ మీద మెట్లు మెట్లుగా పెంచుదాం," అన్నారు. 2015లో ఆటగాళ్ళ సంఘం దీనికి ఒప్పుకోలేదు. వారి మాటలోనూ న్యాయం లేకపోలేదు. చాలామంది ఆటగాళ్ళు కొద్ది ఏళ్ళు మాత్రమే ఆడగలుగుతారు. మోకాలో, మడమో దెబ్బతింటే ఆట అంతటితో సరి. "వచ్చే డబ్బు వచ్చినప్పుడే హద్దులో కలవాలి, రేపటి దాకా ఎందుకు ఆగాలి?" అని వారు అనుకున్నారు.

దాంతో 2015-16లో 7 కోట్ల డాలర్లున్న హద్దు, 2016-17లో 9 కోట్ల 41 లక్షలకు ఎగిరింది. అంటే ఒక్క ఏడాదిలో మూడోవంతుకు పైగా పెరిగిందన్నమాట! తమాషా చూడండి: కింది హద్దు నూటికి 90 వంతులు గదా? అది 8 కోట్ల 47 లక్షలయింది. అంటే ఈ ఏటి నేల, కిందటేటి పైకప్పు కన్నా ఎత్తుకు పోయింది. కిందటేడు ఎక్కువలో ఎక్కువ ఎంత పెట్టాలన్నారో, ఈ ఏడు తక్కువలో తక్కువ అంతకన్నా ఎక్కువ పెట్టాలి!

2016 వేసవిలో చాలా జట్ల దగ్గర ఖాళీ ఉన్నది, సొమ్మున్నది. కాని మంచి ఆటగాళ్ళు హఠాత్తుగా మూడోవంతు పెరగరు గదా? సంతకు సరుకు అంతే వచ్చి, కొనేవాళ్ళ జేబులు నిండితే ధరలు ఏమవుతాయో మీకు తెలుసు. మెంఫిస్ జట్టు మైక్ కాన్లీ అనే ఆటగాడికి అయిదేళ్ళకు 15 కోట్ల 30 లక్షల డాలర్లిచ్చింది. అప్పటివరకు ఆ ఆటలో అంత పెద్ద ఒప్పందం లేదు. లాస్ ఏంజిలిస్ లేకర్స్ జట్టు టిమొఫే మోజ్‌గోవ్ అనే పొడగరికి నాలుగేళ్ళకు 6 కోట్ల 40 లక్షలూ, లుయోల్ డెంగ్‌కు నాలుగేళ్ళకు 7 కోట్ల 20 లక్షలూ ఇస్తామని రాసి ఇచ్చింది.

ఇప్పుడు స్టీఫెన్ కర్రీ సంగతి చూడండి. 2015లోనూ, 2016లోనూ సంఘమంతటిలో అత్యుత్తమ ఆటగాడుగా ఎన్నికైనవాడు అతనే. కాని 2012లో, అతని మడమ తరచు బెణుకుతున్న రోజుల్లో, గోల్డెన్ స్టేట్ జట్టుతో నాలుగేళ్ళకు 4 కోట్ల 40 లక్షలకు ఒప్పందం చేసుకున్నాడు. హద్దు పెరిగినంత మాత్రాన పాత ఒప్పందం మారదు. అందుచేత 2016-17లో కర్రీ జీతం 1 కోటి 21 లక్షలు. లేకర్స్ జట్టులో మోజ్‌గోవ్ జీతం 1 కోటి 60 లక్షలు!

కర్రీకి వచ్చిన ఈ నష్టమే అతని జట్టుకు లాభమయింది. 2015-16లో గోల్డెన్ స్టేట్ జట్టు 82 ఆటల్లో 73 గెలిచింది. ఆఖరు పోటీలో మాత్రం క్లీవ్‌లాండ్ చేతిలో ఓడింది. అంత గట్టి జట్టుకు కొత్త ఆటగాణ్ణి కొనేంత ఖాళీ మామూలుగా ఉండదు. కాని కర్రీ జీతం తక్కువ. పైగా హద్దు ఒక్క గంతు వేసింది. జట్టువాళ్ళు హారిసన్ బార్న్స్‌నూ, ఆండ్రూ బోగట్‌నూ వదులుకుని చోటు చేసుకున్నారు. 2016 జూలైలో ఓక్లహోమా సిటీ జట్టుకు మూలస్తంభమైన కెవిన్ డ్యురాంట్ వచ్చి గోల్డెన్ స్టేట్‌లో చేరాడు. 2017లోనూ, 2018లోనూ ఆ జట్టే విజేత అయింది. గట్టివాళ్ళందరూ ఒకచోట చేరకుండా పెట్టిన హద్దే, గట్టివాళ్ళు ఒకచోట చేరటానికి దారి ఇచ్చింది!

ముందుచూపు గలవాళ్ళు కూడా లేకపోలేదు. లెబ్రాన్ జేమ్స్ 2014లో క్లీవ్‌లాండ్‌కు తిరిగి వచ్చినప్పుడు దీర్ఘకాలపు ఒప్పందం చేసుకోలేదు. ఏడాది కాగానే తప్పుకునే వీలున్న చిన్న ఒప్పందం చేసుకున్నాడు. 2015లో మళ్ళీ అలాగే చేశాడు. హద్దు ఎగిరిన 2016లో మాత్రం మూడేళ్ళకు 10 కోట్ల డాలర్ల ఒప్పందం మీద సంతకం పెట్టాడు. అయితే ఏటికేడు తెగించి చిన్న ఒప్పందం చేసుకోవటం అతనంతటి వాడికే చెల్లుతుంది. దెబ్బ తగిలితే ఏమిటి గతి అని భయపడేవాడు దీర్ఘ ఒప్పందమే కోరుకుంటాడు.

ఆ భయం ఉత్తది కాదు. ఐజయా థామస్ అనే ఆటగాడి ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు మాత్రమే. తాటిచెట్ల లాంటి మనుషుల మధ్య దూరి అతను 2016-17లో బోస్టన్ జట్టుకు ఆటకు సగటున 28.9 పాయింట్లు సంపాదించాడు. కాని 2014లో చేసుకున్న ఒప్పందం ప్రకారం అతనికి నాలుగేళ్ళకు కలిపి 2 కోట్ల 70 లక్షలే. ఆ ఒప్పందం 2016లో ముగిసి ఉంటే అతని దశ తిరిగేది. అది 2018 దాకా ఉన్నది. ఈలోగా అతని తుంటి దెబ్బతిన్నది. బోస్టన్ జట్టు అతన్ని క్లీవ్‌లాండ్‌కు మార్చేసింది. హద్దు కూడా 2016 తరవాత మెల్లగానే పెరిగింది. జట్ల సొమ్మంతా 2016లో రాసిచ్చిన దీర్ఘ ఒప్పందాలలో చిక్కుకుపోయి ఉన్నది. 2018లో థామస్ డెన్వర్ జట్టులో కనీస జీతానికి చేరవలసి వచ్చింది.

తొందరపడి రాసిచ్చిన జట్లకూ సుఖం లేకపోయింది. మోజ్‌గోవ్ ఒప్పందాన్ని వదిలించుకోవటానికి లేకర్స్ జట్టు ఏడాది తిరగకుండానే, తాను 2015లో రెండోవాడుగా ఎంచుకున్న కుర్రవాడు డి ఏంజెలో రస్సెల్‌ను కూడా కలిపి బ్రూక్లిన్‌కు ఇచ్చేసింది. ఆ కుర్రవాడు 2019లో బ్రూక్లిన్ తరఫున ఆల్ స్టార్ ఆటగాడయాడు!

ఇదంతా చూసిన తరవాత రెండు పక్షాలవారికీ తెలివి వచ్చింది. 2023 ఒప్పందంలో, రాబడి ఎంత పెరిగినా సరే, హద్దు ఏడాదికి నూటికి 10 వంతులకు మించి పెరగరాదని రాసుకున్నారు. 2024లో టెలివిజను, ఇంటర్నెట్ కంపెనీలతో మరొక ఒప్పందం కుదిరింది. ఈసారి 11 ఏళ్ళకు 7,600 కోట్ల డాలర్లు! ఐనా 2024-25లో 14 కోట్ల 5 లక్షల పైచిలుకు ఉన్న హద్దు, 2025-26లో సరిగ్గా పదోవంతు పెరిగి 15 కోట్ల 46 లక్షల పైచిలుకు అయింది. మరి మెట్లు మెట్లుగా పెంచితే ఆటగాళ్ళకు అన్యాయం జరగదా? జరగకుండా కట్టుదిట్టం ఉన్నది. మొత్తం జీతాలు ఆటగాళ్ళ వంతుకన్నా తక్కువయితే, ఆ తేడాను తరవాత ఆటగాళ్ళందరికీ పంచాలి.

ఒక చిన్న లెక్క మీరే వేసి చూడండి. 2016కు ముందు ఒక ఆటగాడి జీతం 1 కోటి 40 లక్షలనుకోండి. హద్దు 7 కోట్లయినప్పుడు అది హద్దులో అయిదోవంతు. హద్దు 9 కోట్ల 41 లక్షలయినప్పుడు ఏడోవంతు కన్నా కొంచెమే ఎక్కువ. అతని జీతం ఒక్క డాలరు కూడా తగ్గలేదు; ఐనా జట్టులో అతని వంతు తగ్గింది. మిగిలిన చోటంతా మరొకడికి దొరికింది.

ఇంతకూ కర్రీ ఏమయాడు? 2017లో అతని పాత ఒప్పందం తీరిపోయింది. గోల్డెన్ స్టేట్ జట్టు అతనికి అయిదేళ్ళకు 20 కోట్ల 10 లక్షల డాలర్లు రాసి ఇచ్చింది. 20 కోట్లు దాటిన ఒప్పందం ఆ ఆటలో అదే మొదటిది. థామస్‌కు మాత్రం అలాంటి రోజు రాలేదు. ఇద్దరూ గొప్పగానే ఆడారు. ఒకడి ఒప్పందం తీరేనాటికి ఒళ్ళు బాగున్నది, మరొకడి ఒప్పందం తీరేనాటికి తుంటి దెబ్బతిని ఉన్నది.