వేపచెట్టుపై విందు... వేరుశనగకు చేటు

అనంతపురం: నవనవలాడుతున్న వేరుశనగ మొక్కలు ఉన్నట్టుండి వాడిపోతాయి. ముందు ఒకటి రెండు, ఆ తరువాత అదే సాలులో నాలుగైదు. చివరకు చేను నడుమ అక్కడక్కడ ఖాళీలు పడతాయి. వాన మొగం చాటేసింది, బెట్టకు ఎండాయిలే అని రైతు సరిపెట్టుకుంటాడు. కానీ బెట్టకు ఎండిన మొక్క పీకితే అంత సులువుగా రాదు. ఇది చేయి వేయగానే ఊడివస్తుంది. చూస్తే తల్లివేరు ఉండదు. అక్కడే కాస్త తవ్వితే నెలవంకలా వంగి పడుకున్న తెల్లని పురుగు కనిపిస్తుంది. గోధుమ రంగు తల, ముందు భాగాన ఆరు కాళ్లు. ఇదే వేరు పురుగు.

దీన్ని ఎరుగని రైతు ఉండడు. దీని తల్లిదండ్రులను ఎరిగినవారే తక్కువ. తొలకరి వాన తడిపిన సాయంత్రం చీకటి పడగానే నేలలోంచి ముదురు గోధుమ రంగు పెంకు పురుగులు గుంపులుగా లేస్తాయి. అవి చేలో ఆగవు, నేరుగా గట్టుమీది వేప, రేగు, మునగ చెట్లకు పోతాయి. అక్కడే జతకడతాయి, రాత్రంతా ఆకు తింటాయి, తెల్లవారే లోపల మళ్లీ నేలలో దూరతాయి. పురుగులకు విరుగుడని మనం గాదెల్లో వేసే వేపాకే వీటికి విందుభోజనం కావడం వింతే! పొద్దున చూస్తే ఆకులు కొరికేసి ఉంటాయి, పురుగు జాడ ఉండదు.

ఆడపురుగు నేలలో గుడ్లు పెడుతుంది. రెండు వారాల లోపే పిల్లలు బయటపడతాయి. మొదట కుళ్లిన ఆకూ అలమూ, సన్నని పిల్లవేళ్లూ తింటాయి. ఒళ్లు పెరిగేకొద్దీ తల్లివేరునే కొరికేస్తాయి. ఒక మొక్క అయిపోగానే సాలు వెంబడి పక్క మొక్కకు పోతాయి. తేలిక నేలల్లో వీటికి తిరుగు సులువు. ఏడాదికి వీటిది ఒక్కటే తరం.

శాస్త్రజ్ఞులు వీటిని హోలోట్రైకియా అంటారు. దక్షిణ భారతంలోని వేరుశనగ చేలల్లో జరిపిన సర్వే వివరాలు 2006లో వెలువడ్డాయి. దక్కను నడిమి ప్రాంతంలో రేనాడి అనే జాతి, దానికి దక్షిణాన, పడమరన సెర్రేటా జాతి ఎక్కువని అందులో తేలింది. పేడ ఉండలు దొర్లించే పురుగు, కొబ్బరి మొవ్వ తొలిచే కొమ్ము పురుగు వీటి దాయాదులే. పెంటదిబ్బలో కనిపించే లావుపాటి తెల్లపురుగులు చాలావరకు కొమ్ము పురుగు పిల్లలు. అవి వేరుశనగ జోలికి రావు. అయినా పూర్తిగా చివకని ఎరువు చేనుకు తోలడం మాత్రం మంచిది కాదు.

మొక్క వాడిన తరువాత మందు పోసినా పోయిన వేరు తిరిగి రాదు. పురుగు చేతికి చిక్కేది చెట్టు మీద ఉన్నప్పుడే. తొలి మంచి వాన పడ్డాక మూడు నాలుగు రాత్రులపాటు చెట్ల కింద పట్టలు పరిచి, పొడవాటి కర్రతో కొమ్మలను దులపాలి. రాలిన పురుగులను కిరోసిన్ కలిపిన నీళ్లలో వేయాలి. గుడ్లు పెట్టకముందే చేసే పని కనుక ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. చిక్కల్లా ఒక్కటే. ఒక రైతు తన గట్టుమీది వేపను దులిపి, పక్క గట్టువాడు ఊరుకుంటే అక్కడి పురుగులు ఈ చేలోనూ దిగుతాయి. ఊరంతా ఒకే రాత్రి కర్రలు పట్టాలి. దేవర చేసుకోవడానికి కలిసే ఊరికి ఇదేమంత కష్టం?

పంట తీసేనాటికి ముదిరిన పురుగు ఇంకా లోతుకు దిగి మట్టిలోనే గూడు చేసుకుంటుంది. అందులోనే రెక్కలు వచ్చి, వచ్చే తొలకరి దాకా కదలకుండా ఉంటుంది. వేసవి దుక్కి లోతుగా దున్నితే కొన్నయినా పైకి వస్తాయి. వాటి పని కాకులు, గోరింకలు చూసుకుంటాయి.