మీకు తెలుసా? అగ్గిపుల్ల తలలో ఒక పరీక్ష ప్రశ్న

తమిళనాడులోని కోవిల్‌పట్టి, సాత్తూరు, శివకాశి అంటే అగ్గిపెట్టెలు. ఆ నల్లరేగడి పల్లెల్లో తరాలుగా ఇంట్లో తెలుగే మాట్లాడే కుటుంబాలూ ఉన్నాయి. పక్కనే విరుదునగర్‌లో 2022 జనవరి 12న ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. జనరల్ మెడిసిన్ పరీక్షకు అక్కడి విద్యార్థి చదివే ఒక విషం చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో ముడిసరుకే: పొటాషియం క్లోరేట్. అది పుల్ల తలలో ఉంటుంది. ఎర్ర భాస్వరం పెట్టె పక్కన పూస్తారు.

క్లోరేట్ ఎక్కువగా కడుపులోకి వెళితే హిమోగ్లోబిన్ కాస్తా మెథిమోగ్లోబిన్‌గా మారుతుంది. అది ఆక్సిజన్‌ను మోయలేదు. పెదవులు నీలమెక్కుతాయి, రక్తం చాక్లెట్ రంగుకు తిరుగుతుంది. ఆక్సిజన్ పెట్టినా నీలం తగ్గదు. తీవ్రమైన కేసుల్లో వేలి ఆక్సిమీటర్ 85 దగ్గరే నిలబడుతుంది. ధమని రక్తంలో ఆక్సిజన్ పీడనం మాత్రం మామూలుగానే కనిపిస్తుంది. పరీక్ష పెట్టేవాళ్లకు ఎంతో ఇష్టమైన చిక్కుముడి ఇది!

చికిత్స ఏమిటంటే మిథిలీన్ బ్లూ అని ఠక్కున రాసేస్తారు. మెథిమోగ్లోబిన్ కేసుల్లో చాలావాటికి అది సరైన జవాబే: కిలో బరువుకు 1–2 మి.గ్రా., సిరలోకి. కానీ ఆ మందు పనిచేయడానికి ఎర్రకణాల్లో జి6పిడి ఎంజైమ్ కావాలి. క్లోరేట్ దెబ్బతీసేది సరిగ్గా దాన్నే. కణాలు చిట్లి మూత్రపిండాలూ పాడవుతాయి. అందుకే తీవ్రమైన కేసుల్లో రక్తమార్పిడి, డయాలిసిస్ దాకా వెళ్తారు. పుట్టుకతోనే జి6పిడి లోపం ఉన్నవారికి మిథిలీన్ బ్లూ ఇస్తే కణాలు ఇంకా చిట్లుతాయి.