కడుపులో పుండుకు కారం కారణం కాదు

నాట్ల రోజుల్లో సాయంత్రం పూట పల్లెల్లోని కిరాణా కొట్ల ముందు నొప్పుల బిళ్లలు అడిగేవారు చాలామంది కనిపిస్తారు. పొద్దస్తమానం నడుం వంచి పని చేసినవారు రాత్రికి ఒక బిళ్ల మింగి పడుకుంటారు. నొప్పి తగ్గుతుంది. కొన్నాళ్లకు కడుపులో మంట మొదలవుతుంది. ఇంట్లోవాళ్లు కారం మానమంటారు. కారం మానినా మంట తగ్గదు. బిళ్ల మాత్రం మానరు. చాలామందికి చిక్కు అక్కడే వస్తోంది.

తిన్న అన్నం అరగడానికి జీర్ణాశయంలో ఘాటైన ఆమ్లం ఊరుతుంది. అది కడుపు గోడను తినివేయకుండా లోపలి జిగురు పొర కాపాడుతుంది. ఆ పొర దెబ్బతిన్నచోట పుండు పడుతుంది. ఇందుకు ముఖ్య కారణాలు రెండు. ఒకటి, డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్, ఆస్పిరిన్ వంటి నొప్పుల మందులు తరచుగా వాడటం. రెండవది, హెలికోబాక్టర్ పైలోరి అనే సూక్ష్మక్రిమి.

ఒకప్పుడు వైద్యులు కూడా కారం, దిగులు వల్లనే పుండు వస్తుందని భావించేవారు. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్, బారీ మార్షల్ అనే వైద్యులు 1982లో ఈ క్రిమిని వేరుచేసి పెంచగలిగారు. తోటివారు నమ్మకపోవడంతో 1984లో మార్షల్ ఆ క్రిములు కలిపిన ద్రవాన్ని తానే తాగి కడుపువాపు తెచ్చుకున్నారు. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి లభించింది.

ఈ క్రిమి ఎక్కువగా చిన్నతనంలోనే ఇంట్లోవారి నుంచి, అపరిశుభ్రమైన చేతులు, నీటి ద్వారా సోకుతుంది. సోకినవారందరికీ పుండు పడదు. పడితే బొడ్డుకు పైన మంట, ఆకలివేళ, అర్ధరాత్రి నొప్పి, ఉబ్బరం, వికారం కనిపిస్తాయి. సోడా, పాలు తాగితే కాసేపు హాయిగా ఉంటుందే గాని పుండు మానదు.

పరీక్షలో క్రిమి ఉన్నదని తేలితే ఆమ్లం తగ్గించే మందుతో పాటు క్రిమిని చంపే మందులు సాధారణంగా 14 రోజులు ఇస్తారు. నాలుగు రోజులకే మంట తగ్గిందని ఆపితే క్రిమి చావదు, తర్వాత మందుకు లొంగదు. బీడీ, సారా మానకపోతే పుండు త్వరగా మానదు.

అన్నం తిన్నాక వేసుకుంటే నొప్పుల బిళ్ల ఏమీ చేయదన్న ధైర్యం పనికిరాదు. ఆ మందు రక్తంలో కలిసి కూడా పొరను బలహీనపరుస్తుంది. అందుచేత సూదిగా వేయించుకున్నా ముప్పు తప్పదు. ఒళ్లునొప్పులకు మోతాదు మించకుండా వాడితే పారాసిటమాల్ కడుపుకు మేలు. గుండె జబ్బుకు డాక్టరు ఆస్పిరిన్ రాసిచ్చినవారు మాత్రం సొంతంగా ఆపకూడదు.

తారులాంటి నల్లటి విరేచనం, నెత్తురు వాంతి, కడుపు బల్లలా బిగుసుకుపోయి ఓర్వలేని నొప్పి వస్తే తెల్లవారేదాకా ఆగరాదు. పుండు నుంచి నెత్తురు పోతున్నదనో, కడుపుకు చిల్లు పడిందనో అనుమానించి వెంటనే 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి చేర్చాలి. ఛాతీ బిగుసుకుని చెమటలు పడితే అది గ్యాస్ అనుకుని సోడా తాగి కూర్చోవడం ప్రాణానికే ప్రమాదం. అది గుండెపోటు కావచ్చు.