ఇంటర్నెట్టుకూ ఉంది ఒక అడంగలు

మీ ఊరి పొలిమేరలో నిలబడి ఒక చేనును చూపించి, "ఇది ఎవరి చేను?" అని అడగండి. ఊళ్ళో పెద్దలు వెంటనే ఫలానా వారిదని చెబుతారు. కాని బ్యాంకులో ఆ మాట చెల్లదు. అక్కడ సర్వే నెంబరు చెప్పాలి. ఆ నెంబరును బట్టి అడంగలు చూస్తే చేను విస్తీర్ణం ఎంత, పట్టాదారు ఎవరు, ఏ పంట వేశారు అన్న సంగతులన్నీ తెలుస్తాయి. వానలు మొహం చాటేసి వేరుశనగ నిలువునా ఎండిపోయిన ఏడాది, నష్టపరిహారం కోసం తిరిగిన అనంతపురం రైతును అడిగితే ఆ నెంబరు విలువేమిటో చెబుతాడు.

ఈ నెంబర్ల కథకు మన అనంతపురంతో దగ్గరి సంబంధం ఉంది. 1800 నుండి 1807 వరకు దత్తమండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరుగా పనిచేసిన థామస్ మన్రో అనంతపురంలోనే నివాసం ఉండేవాడు. చేలన్నింటినీ కొలిపించి, ఒక్కొక్క చేనుకు ఒక్కొక్క నెంబరు వేయించి, ఎదురుగా సాగుచేసే రైతు పేరు రాయించాడు. నెంబరు ఒకవైపు, బాధ్యుడి పేరు మరొకవైపు. రిజిస్టరు అంటే అంతే కదా!

ఇంటర్నెట్టులో కూడా సరిగ్గా ఇలాంటి నెంబర్లు, ఇలాంటి రిజిస్టర్లు ఉన్నాయంటే మీరు నమ్ముతారా?

నాలుగు అంకెల చిరునామా

ఉత్తరం చేరాలంటే కవరు మీద చిరునామా ఉండాలి. ఇంటర్నెట్టులో కంప్యూటర్లు ఒకదానికొకటి పంపుకునే సమాచారానికి కూడా అంతే. ఆ చిరునామాను ఐ.పి. చిరునామా అంటారు. అది చూడడానికి ఇలా ఉంటుంది: 203.0.113.25. (ఇది నిజంగా ఎవరికీ ఇవ్వని చిరునామా. పుస్తకాల్లో ఉదాహరణలకోసం ప్రత్యేకంగా పక్కన పెట్టినది.)

చుక్కల మధ్య ఉన్న ఒక్కొక్క సంఖ్య 0 నుండి 255 వరకు ఉండవచ్చు. 255తోనే ఎందుకు ఆగిపోవాలి? కంప్యూటరుకు తెలిసినవి 0, 1 అనే రెండే అంకెలు. ఎనిమిది గళ్ళలో వాటిని ఎన్ని రకాలుగా నింపవచ్చో లెక్కపెట్టండి. 2ను ఎనిమిదిసార్లు హెచ్చిస్తే 256 వస్తుంది. అంటే 0 నుండి 255 వరకు. 203ను అలా రాస్తే 11001011 అవుతుంది. 128, 64, 8, 2, 1 కూడి చూసుకోండి.

అలాంటి భాగాలు నాలుగు కాబట్టి మొత్తం చిరునామాలు 256 × 256 × 256 × 256. అంటే 429 కోట్ల 49 లక్షల 67 వేల 296. మొదట్లో ఇవి ఎన్నటికీ తరగవని అనుకున్నారు. కాని ప్రపంచ జనాభాయే 800 కోట్లు దాటింది. ఒక్కొక్క ఇంట్లో రెండు మూడు ఫోన్లు! బావులు ఉన్నచోట బోర్లు పెరిగి నీరు అడుగంటినట్లే ఇక్కడా అయింది. 2011 ఫిబ్రవరి 3న ప్రపంచ ఉమ్మడి నిల్వలోని చివరి ఐదు పెద్ద భాగాలు కూడా పంచేశారు. కొత్తగా తయారుచేసిన ఆరవ రకం చిరునామాలో 32 గళ్ళకు బదులు 128 గళ్ళు ఉంటాయి. ఇవి మాత్రం ఇప్పట్లో తరిగేవి కావు. వీటిని వాడడంలో మన దేశం ముందు వరుసలోనే ఉంది.

కాలువ నీళ్ళలా పంపకం

ఈ చిరునామాలను ఎవరికి తోచినట్లు వారు పెట్టుకుంటే ఏమవుతుంది? రెండిళ్ళకు ఒకే డోరు నెంబరు ఉన్నట్లవుతుంది. అందుకే పంపకానికి ఒక వరుస ఉంది. తుంగభద్ర జలాశయం నుండి ఎగువ కాలువకు, అక్కడి నుండి పిల్లకాలువలకు, చివరికి చేలకు నీళ్ళు వచ్చినట్లే అనుకోండి.

అన్నింటికీ పైన "ఐయానా" అనే సంస్థ ఉంది. అది ప్రపంచంలోని ఐదు ప్రాంతీయ రిజిస్ట్రీలకు చిరునామాలు ఇచ్చింది. ఆసియా, పసిఫిక్ ప్రాంతాలకు చెందినది "ఏపీనిక్". దాని కార్యాలయం ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ నగరంలో ఉంది. దాని కింద మన దేశానికి 2012 నుండి "ఇరిన్" అనే జాతీయ రిజిస్ట్రీ పనిచేస్తోంది. టెలిఫోను కంపెనీలు, విశ్వవిద్యాలయాలు, బ్యాంకులు ఈ రిజిస్ట్రీల నుండి చిరునామాలను గుంపులు గుంపులుగా తీసుకుంటాయి. ఏ గుంపు ఎవరికి, ఏ తేదీన ఇచ్చారు, దానినుంచి ఏదైనా చెడు జరిగితే ఎవరికి ఫిర్యాదు చేయాలి అన్నవి రిజిస్టరులో రాసి ఉంటాయి. ఆ రిజిస్టరును ఎవరైనా చూడవచ్చు.

రిజిస్టరును అడగడం ఎలా?

ఇంటర్నెట్టుకు ముందున్న అర్పానెట్టు రోజుల్లో, అమెరికాలో ఎలిజబెత్ ఫైన్లర్ అనే ఆమె నడిపిన సమాచార కేంద్రం వాడకందారుల జాబితాను నిర్వహించేది. ఆ జాబితాను దూరం నుండే అడిగి తెలుసుకునే పద్ధతిని 1982లో ప్రకటించారు. దాని పేరు "హూయిజ్", అంటే "ఎవరు?" అని. ఒక కంప్యూటరు మరొక కంప్యూటరు తలుపు తట్టి, ఒక్క పంక్తిలో ప్రశ్న రాస్తుంది. జవాబు వస్తుంది. తలుపు మూసుకుంటుంది. ఆ తలుపు నెంబరు 43.

ఈ పద్ధతి చాలాకాలం పనిచేసింది. కాని దానిలో ఒక చిక్కుంది. జవాబు ఏ రూపంలో ఉండాలో ఎవరూ నిర్ణయించలేదు. చిరునామాల గుంపును ఒక రిజిస్ట్రీ "నెట్‌రేంజ్" అని రాస్తే, మరొకటి "ఇనెట్‌నమ్" అని రాస్తుంది. మనిషి చదివి అర్థం చేసుకుంటాడు. యంత్రానికి ఆ తెలివి ఎక్కడిది? కరణాలు తలా ఒక తీరుగా రాసిన లెక్కలను కొత్త గుమాస్తా చేతికిచ్చినట్లవుతుంది.

అందుకే 2015లో "ఆర్‌డాప్" అనే కొత్త పద్ధతి వచ్చింది. దీనిలో జవాబు అచ్చయిన ఫారంలాగా ఉంటుంది. పేరుకు ఒక గడి, తేదీకి ఒక గడి, దేశానికి ఒక గడి. ఐదు రిజిస్ట్రీలూ ఇదే ఫారం వాడతాయి. డాట్ కామ్ వంటి పేర్ల రిజిస్టర్లలో కూడా 2025 జనవరి 28 నుండి ఆర్‌డాప్‌దే ప్రధాన స్థానం.

మూడు వందల ప్రశ్నలు, ఒక్క ప్రోగ్రాము

అనంతపురంలో ఒక కళాశాల ఉందనుకుందాం. దానికొక సర్వరు, అంటే అందరికీ సమాచారం అందించే పెద్ద కంప్యూటరు ఉంది. తనను ఎవరు పలకరించినా అది ఒక దినచర్య పుస్తకంలో రాసుకుంటుంది. ఒక ఉదయం చూస్తే, రాత్రంతా ఎవరో దొంగ పాస్‌వర్డులు ప్రయత్నించినట్లు తెలిసింది. 300 వేర్వేరు చిరునామాల నుండి! లోపల విద్యార్థుల మార్కులు, ఫీజుల లెక్కలు ఉన్నాయి. ఒక్కొక్క చిరునామాను చేత్తో వెతకడానికి రెండు నిమిషాలు పడితే మొత్తం 600 నిమిషాలు, అంటే పది గంటలు.

ఇలాంటి పనికే ప్రోగ్రాము రాస్తారు. పైథాన్ అనే భాష దీనికి అనువైనది. ఆ భాషలో "ఐపీహూయిజ్" అనే లైబ్రరీ ఒకటి ఉంది. లైబ్రరీ అంటే ఇక్కడ పుస్తకాల బీరువా కాదు. ఇతరులు ముందే రాసి పెట్టిన పనిముట్ల పెట్టె. వడ్రంగి ప్రతి బల్లకూ కొత్తగా ఉలి తయారు చేసుకోడు కదా!

ఆ పెట్టెలోని పనిముట్టు చేసే పని ఇది. మొదట, ఈ చిరునామా ఐదు రిజిస్ట్రీలలో దేని వాటాలోనిదో తెలుసుకుంటుంది. తరువాత ఆ రిజిస్ట్రీని ఆర్‌డాప్ పద్ధతిలో అడుగుతుంది. అక్కడివారు "మా దగ్గర లేదు, ఫలానా చోట అడుగు" అంటే అక్కడికి వెళుతుంది. వచ్చిన ఫారం నుండి గుంపు, సంస్థ పేరు, దేశం, ఫిర్యాదు చిరునామా వేరుచేసి మన చేతికిస్తుంది. మనం రాయవలసింది కొద్ది పంక్తులే: జాబితాలోని ఒక్కొక్క చిరునామాను తీసుకో, అడుగు, జవాబు రాసుకో, ఒక సెకను ఆగు, తరువాతిది తీసుకో.

ఆగడం ఎందుకు? వీధి కుళాయి దగ్గర ఒకరే బిందె మీద బిందె పెడితే వెనుకవారు ఊరుకోరు. రిజిస్ట్రీలు కూడా అంతే. గుక్క తిప్పుకోకుండా అడిగేవారికి కొంతసేపు జవాబివ్వడం మానేస్తాయి.

ఇక్కడ తెలివైన విద్యార్థి ఇంకొక పని చేస్తాడు. జవాబు ఒక్క చిరునామాకు కాక మొత్తం గుంపుకు వస్తుంది కదా! 203.0.113.25 గురించి అడిగితే, 203.0.113.0 నుండి 203.0.113.255 వరకు ఒకే గుంపు అని వచ్చిందనుకోండి. తరువాతి చిరునామా అదే గుంపులో ఉంటే మళ్ళీ అడగనక్కరలేదు. మూడు వందల ప్రశ్నలు ముప్ఫయ్యో నలభయ్యో అయిపోవచ్చు.

చెప్పేదేమిటి, చెప్పనిదేమిటి?

జవాబు రాగానే "దొంగ దొరికాడు!" అని కేకవేయకండి. రిజిస్టరు చెప్పేది చిరునామాల గుంపు ఏ సంస్థదో మాత్రమే. ఆ రాత్రి దానిని వాడిన మనిషి ఎవరో చెప్పదు. చిరునామాలు తక్కువ కాబట్టి టెలిఫోను కంపెనీలు ఒక్క చిరునామాను ఎందరో ఖాతాదారులకు కలిపి వాడతాయి. పెద్ద హాస్టలుకు ఒకే డోరు నెంబరు ఉన్నట్లు. అలాగే కంపెనీ పెద్ద కార్యాలయం ఢిల్లీలో ఉంటే రిజిస్టరులో ఢిల్లీ అని ఉంటుంది. వాడేవాడు మాత్రం కదిరిలో ఉండవచ్చు. ఎవరిదో కంప్యూటరును వారికి తెలియకుండానే దొంగ వాడుకుంటూ ఉండవచ్చు కూడా.

ఈ తేడా గమనించకపోతే ఏమవుతుందో 2016లో లోకానికి తెలిసింది. అమెరికాలో చిరునామాలను ఊళ్ళతో జతపరిచే ఒక కంపెనీ, చోటు సరిగా తెలియని చిరునామాలకు దేశం నట్టనడుమ ఒక బిందువును గుర్తు పెట్టింది. అది కాన్సాస్ రాష్ట్రంలో ఒక పొలంలో పడింది. అలా 60 కోట్లకు పైగా చిరునామాలు ఆ ఒక్క పొలానికి చేరాయి. ఎక్కడెక్కడి మోసాలకో ఆ ఇంటివారిని నిలదీయడానికి ఏళ్ళ తరబడి పోలీసులు, కోపంతో ఉన్న మనుషులు వచ్చారు. వారు చేసిన తప్పు ఏమీ లేదు! లెక్క తప్పితే శిక్ష అమాయకుడికి పడుతుంది.

కాబట్టి మన కళాశాలవారు చేయవలసింది ఒక్కటే. తేదీ, గంట, నిమిషం, సెకనులతో సహా వివరాలు రాసి, రిజిస్టరులోని ఫిర్యాదు చిరునామాకు పంపాలి. ఆ సమయంలో దానిని వాడినదెవరో సంస్థ తన లెక్కల్లో చూసుకుంటుంది. నేరం పెద్దదయితే ఆ పని పోలీసులది.

రిజిస్టరే తప్పయితే?

కరణం పుస్తకంలో ఒక్క పేరు మారిస్తే చేను చేతులు మారిన కథలు మీ తాతగారు చెప్పి ఉంటారు. ఇంటర్నెట్టులోనూ అది జరిగింది. చిరునామాలకు కరువు రాగానే వాటికి ధర వచ్చింది. ఆఫ్రికా రిజిస్ట్రీలో రికార్డులు మార్చి చిరునామాలను కాజేసిన సంగతి 2019లో బయటపడింది. తరువాత లెక్క చూస్తే అలా పక్కదారి పట్టినవి 40 లక్షలకు పైగా తేలాయి. వాటిని పట్టుకోవడానికి తోడ్పడినది పాత రికార్డులను, కొత్త రికార్డులను ఓపికగా పోల్చి చూడడమే. రిజిస్టరు అందరికీ కనబడేలా ఉండడం వల్ల కలిగే మేలు ఇదే.

మీరే చేసి చూడండి

మీ బడి కంప్యూటరు చిరునామా చూడండి. అది 192.168తో గాని, 10తో గాని మొదలయితే ఏ రిజిస్టరులోనూ దానికి యజమాని దొరకడు. ఎందుకు? అవి ఇంటి లోపల గదులకు పెట్టుకున్న నెంబర్ల వంటివి. ప్రతి ఇంట్లోనూ "మొదటి గది" ఉండవచ్చు కదా!

ఇంకొక లెక్క. ఒక చిరునామా ఫలానా గుంపులో ఉందా లేదా అని ప్రోగ్రాము ఎలా తెలుసుకుంటుంది? నాలుగు భాగాలను ఒకే సంఖ్యగా మారుస్తుంది. మొదటి భాగాన్ని 1,67,77,216తో, రెండవదానిని 65,536తో, మూడవదానిని 256తో హెచ్చించి, నాలుగవదానిని కలపాలి. 203.0.113.25కు వచ్చే జవాబు 340 కోట్ల 58 లక్షల 3 వేల 801. ఆ గుంపులోని మొదటి చిరునామాకు, చివరి చిరునామాకు మీరే కట్టి, ఈ సంఖ్య వాటి మధ్య ఉందో లేదో చూడండి.

చేను ఎవరిదని అడిగిన ప్రశ్నకు సర్వే నెంబరు జవాబు చెబుతుంది. కాని గట్టు మీద నిలబడినవాడు యజమానా, కూలీనా, దారిన పోయేవాడా అన్నది అది చెప్పదు. రిజిస్టరును చదివేటప్పుడు ఈ రెండో మాట కూడా గుర్తుంచుకోండి.