ఇరుగుపొరుగుల స్వపరిపాలనము

ఇల్లు కట్టుకొనుట యొక్కరి పని. ఊరు నిలుపుకొనుట పదుగురి పని. తన గడపలోపల దుమ్ము నిలువనీయని గృహస్థు, వీధిదీపమును, మురుగుకాలువను, పిల్లలాడుకొను తోటను ఎవరి సొత్తును గాదని విడిచిపెట్టుట మనము నిత్యము చూచుచున్నదే. ఈ లోపమును దీర్చుటకే, ముందుగా పటము గీచి నిర్మించు నివాసములయందు గృహయజమానుల సంఘములు పుట్టినవి. వాని మంచిచెడ్డలు రెండును దెలియవలెనన్న అమెరికాలోని రాడ్‌బర్న్ చరిత్రము చదువదగినది.

న్యూజెర్సీ రాష్ట్రమునందలి ఫెయిర్ లాన్ పట్టణములో ఈ నివాసము 1929వ సంవత్సరమున వెలసినది. క్లారెన్స్ స్టైన్, హెన్రీ రైట్ అను శిల్పులు దీనిని రూపొందించిరి. మోటారుబండ్ల తాకిడినుండి పసిపిల్లలను గాపాడుట వారి ముఖ్యోద్దేశము. బండ్లు వచ్చు సందులు ఇండ్ల యొకవైపున వచ్చి అచ్చటనే ముగియును. రెండవవైపున ఇండ్లు ఉద్యానమునకు ఎదురుగా నుండును. కాలిబాట పెద్దవీధిని దాటవలసినచోట వీధిక్రిందుగా మార్గము కలదు. 25,000 మందికి ఉద్దేశింపబడిన పట్టణమైనను, ఆ యేటనే ఆరంభమైన ఆర్థికమాంద్యమువలన అందు స్వల్పభాగమే పూర్తియయ్యెను. నిర్మించిన కంపెనీ దివాలా తీసెను. కంపెనీ పోయినను నివాసము చెడలేదు. ఆదినుండియు నేర్పడియున్న రాడ్‌బర్న్ సంఘమే యిందులకు కారణము.

ప్రతి యింటివారును సంఘమునకు ఏటేట రుసుము చెల్లింపవలెనను షరతు దస్తావేజులోనే కలదు. ఇల్లు చేతులు మాఱినను షరతు మాఱదు. ఆ ధనముతో ఉద్యానములు, ఆటస్థలములు, ఈతకొలనులు పోషింపబడుచున్నవి. ఇంటి వెలుపలి రూపమును మార్చదలచినవారు సంఘము ననుమతి పొందవలెను. ఒక్కని స్వేచ్ఛకిది కొంత కొఱతయే. కాని పొరుగువాని గాలికిని వెలుతురునకును అదియే రక్షణము. ఈ శ్రద్ధవలన నిలిచిన నివాసమును 2005లో ఆ దేశము జాతీయ చారిత్రక స్థలముగా గుర్తించినది.

ఇంతవఱకు మెచ్చుకొనదగినదే. కాని పూర్వము రుసుము చెల్లించువా రందఱును సంఘసభ్యులుగా నుండలేదు! ధర్మకర్తలుగా నున్నవారును, అంతకుముం దా పదవి వహించినవారును మాత్రమే సభ్యులుగా నుండిరి. నివాసులు ఎన్నుకొనదగినవారి పేర్లను సైతము ధర్మకర్తలే నిర్ణయించుచుండిరి. పన్ను గొని మాట గొనని ప్రభుత్వమును మనమెఱుగుదుము. ఉద్యానము లెంత పచ్చగా నున్నను, ఆ పద్ధతి స్వపరిపాలనము కానేరదు. 2006లో కొందఱు నివాసులు న్యాయస్థానము నాశ్రయించిరి. అచ్చట వారి కోరిక నెఱవేఱలేదు. అయినను వారి యాందోళనము వ్యర్థము కాలేదు. 2017లో న్యూజెర్సీ శాసనసభ, ఇట్టి నివాసములలోని గృహయజమానులకెల్ల సభ్యత్వమును, పాలకవర్గము నెన్నుకొను హక్కును గల్పించుచు చట్టము చేసెను. ఆ రాష్ట్రమున స్థిరపడిన తెలుగు కుటుంబములు పెక్కు గలవు గావున ఈ విజయము మనవారికిని సంబంధించినదే.

మఱియొక దోషముకూడ స్మరింపదగియున్నది. అమెరికాలో ననేకచోట్ల దస్తావేజులలోని షరతులు ఉద్యానములను గాపాడుటతో నాగక, నల్లజాతివారికి ఇల్లు అమ్మరాదని శాసించినవి. అట్టి షరతులను న్యాయస్థానములు అమలు జరుపరాదని 1948లో ఆ దేశపు సుప్రీముకోర్టు తీర్పుచెప్పెను. వీధి శుభ్రముగా నుండుటకు పెట్టుకొన్న కట్టుబాటు మనుష్యుని వెలివేయుటకు ఆయుధము కారాదు. కులము పేరడిగి ఇల్లు అద్దెకిచ్చు వాడుక యెచ్చటనున్నను, అచ్చటివారీ తీర్పును చెవిని బెట్టుట మేలు.

మన దేశమున 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టము, కొనుగోలుదారుల సంఘ మేర్పడునట్లు చూచుట నిర్మాతకు విధిగా చేసినది. సంఘస్థాపనలో పాల్గొనుట కొనుగోలుదారునకును విధియే. ఉమ్మడిస్థలములును, వాని పటములును, పత్రములును సంఘమున కప్పగింపవలెను. చట్టము సాధనము నిచ్చినది. వాడుకొనుట మన వంతు.

ఈ భావము మనకు క్రొత్త గాదు. చెఱువుక్రింద భూమిగల రైతులెల్లరు ఏటేట కుడిమరామత్తు చేసి, కాలువలు పూడిక తీసి, గట్లు నిలుపుకొన్న దేశమిది. తన పాలు పని చేయనివానికి నీరడుగుటకు నోరాడెడిది కాదు. నేటి నివాసములకును ఆ నీతియే చాలును. ప్రతి యింటికి ఓటు, ప్రతి రూపాయికి బహిరంగమైన లెక్క, ప్రతి సభకు గృహస్థుని హాజరు — ఈ మూడును గల సంఘము నిలుచును. సభకు రాక, రుసుము చెల్లింపక, పాలకవర్గమును మాత్రము దూషించువాడు పరిపాలనమును ఇతరుల చేతిలో పెట్టినవాడే. పెద్ద స్వరాజ్యమును సాధించిన జాతి తన వీధిస్వరాజ్యమును కాపాడుకొనలేకపోవుట తగదు.